ఔటా, నాటౌటా?

ఈ వేసవిలో ఒక సాయంకాలము బందరులోని మా పాత వీథిని ఈ చివరనుండి ఆ చివరకు నడచితిని గాని, "ఔట్!" అను కేక ఒక్కటియు చెవిని పడలేదు. బడులకు సెలవులే, ఎండ చల్లబడినది, సముద్రపు గాలి తిరిగినది, పిల్లలు లేని వీథియు కాదు, మేడలమీది కిటికీలలో వారి తలలు కనబడుచునే యున్నవి. అయినను, ఒకప్పుడు నాలుగున్నర మొదలు దీపాలు పెట్టువేళ దాక పేటయంతయు మారుమ్రోగుచుండిన ఆ కేక, దానిని వెన్నంటి పది గొంతుకలు కలసి "కాదు!" అని పెట్టెడి ప్రతిఘోష, ఆ పిమ్మట అరగంట నడచెడి వాదోపవాదములు, ఏవియు లేవు. వీథికి ఇరుప్రక్కల కార్లు నిలిచియున్నవి. అరుగులను కొట్టివేసి, ఆ కార్లు లోనికెక్కుటకు ఏటవాలుగా గచ్చు పోసికొన్నారు.

ఆ మాట ఇంగ్లీషువారి క్రికెట్టుతో మన వీథులలోనికి వచ్చినదని అందరెరిగినదే. అంతకుముందు మా పెద్దవారికి ఔటు అనగా బాణసంచా సామాను. పెండ్లి ఊరేగింపులలోను, దేవుని కల్యాణములలోను మందు కూరి చెవులు గింగురుమనునట్లు పేల్చెడివి ఔట్లు. మా తాతగారికి వినికిడి మందగించిన తరువాత, వీథిలో మేము ఔటు, ఔటు అని అరచుచుండగా పడక కుర్చీలోనుండి తల యెత్తి, "ఎవరి పెళ్ళిరా?" అని అడిగెడివారు. ఎవరిదియు కాదని చెప్పినను ఆయన నమ్మినట్లు కనబడెడివారు కారు.

*

క్రికెట్టు రాకపూర్వము ఆటలలో ఓడినవాడు ఔటు కాలేదు, చచ్చెడివాడు. చెడుగుడులో కూతకు పోయినవానిని పట్టి, గీత దాటకుండ అణచి, వాని కూత ఆగిపోవువరకు నలుగురును మీదపడి యుండి, లేచి దుమ్ము దులుపుకొనుచు "చచ్చాడు" అని ప్రకటించెడివారము. చచ్చినవాడు ప్రక్కకు పోయి గట్టుమీద కూర్చుండి, తన పక్షమువాడెవడైన ఎదుటివానిని చంపి తనను బ్రతికించునా అని రెప్పవాల్చక చూచుచుండెడివాడు. బ్రతికిన క్షణమున ఆ బాలుడు వేసెడి గంతు వర్ణనకు లొంగునది కాదు. చెడుగుడునకు శాస్త్రము కట్టినవారు మూడు భేదములు చెప్పిరి: చచ్చినవాడు మరల బ్రతుకునది సంజీవని, జట్టంతయు చచ్చువరకు ఎవ్వడును బ్రతుకనిది గామినీ, చచ్చినను లెక్క వ్రాసికొని ఆటలోనే నిలుచునది అమర్. ఈ పేర్లు పెట్టినవాడెవడో గాని, పురాణములు బాగుగ చదివినవాడై యుండవలెను. మేము పేర్లెరుగకయే సంజీవని ఆడితిమి.

బళ్ళలోనికి డ్రిల్లు మేష్టారును, ఆయన మెడలోని ఈలయు వచ్చిన పిదప చావుబ్రతుకులు పోయి, అక్కడను ఔటే నిలిచినది. కూతకు కాలపరిమితి ముప్పది సెకండ్లయినది, గీతలు సున్నముతో తిన్నగా పడినవి. 1990లో పీకింగు ఆసియా క్రీడలలో చెడుగుడు కబడ్డీ పేరున పతకమునకు ఆడదగిన ఆట అయినప్పుడు మేమును సంతోషించితిమి. కాని తీర్పు ఆటగాండ్ర నోటినుండి ఈలలోనికి పోయినది మొదట అక్కడనే యని నాకు తోచును.

బిళ్ళంగోడు మాట చెప్పనక్కరలేదు. బిళ్ళను గాలిలో పట్టుకొన్నచో ఆట ముగిసినట్లే గనుక అందులో తగవు తక్కువ. కొలతలో మాత్రము గోడు కర్రను పొట్టిగా వేయుచున్నాడనియు, అడుగులు దొంగిలించుచున్నాడనియు కొట్లాట. తెలంగాణములో దీనినే చిర్రగోనె యందురు. కొట్లాట అక్కడను ఇదేనని హైదరాబాదు మిత్రులు చెప్పిరి.

*

ఇక క్రికెట్టు. బందరువారికి ఈ ఆటపై ఒక పైతృక హక్కు ఉన్నదని మా పెద్దల నమ్మకము. భారతదేశపు తొలి టెస్టు జట్టునకు 1932లో లార్డ్స్ మైదానమున నాయకుడైన సి.కె. నాయుడుగారి పూర్వులది బందరు. ఆయన పుట్టినది నాగపూరులోనైనను, 1926లో బొంబాయి జింఖానా మైదానములో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లు కొట్టి 153 పరుగులు చేసిన కథను మా వీథివారు తమ మేనమామ కథ చెప్పుకొన్నట్లు చెప్పుకొనెడివారు. ఆ నాయుడుగారే పిమ్మట ముదిమివయసున ఆంధ్ర జట్టు తరఫున రంజీ ఆడుటతో ఆ చుట్టరికము మరింత గట్టిపడినది.

మా సామగ్రి వేరు. కొబ్బరిమట్టను మొదలు దగ్గర చెక్కి పట్టు తీర్చినచో బ్యాటు. వికెట్లు ప్లీడరుగారి ప్రహరీ గోడపై బొగ్గుతో గీసిన మూడు నిలువు గీతలు, పైన ఒక అడ్డగీత. బంతి రబ్బరుది, చందా వేసికొని కొన్నది గనుక అది సమష్టి ఆస్తి. నిజమైన బ్యాటు వీథి మొత్తమునకు ఒక్కని వద్దనే యుండెడిది, వాడే మొదట ఆడవలెననునది వ్రాయని శాసనము.

ఇంగ్లీషువారి శాసనములో ఒక వింతయున్నది. ఎదుటి పక్షమువారు "హౌజ్ దట్?" అని అడిగిననే గాని అంపైరు ఎవనిని ఔటని చెప్పరాదు, బ్యాట్స్‌మన్ తానై వెడలిపోయిన పోవచ్చును గాని, అడుగని ఔటు ఔటు కాదు. ఇప్పటి నిబంధనలలో అది 31వది. ఈ ధర్మసూక్ష్మము మాకు తెలియదు. కాని అడుగుట మాత్రము తెలియును. మా నోట అది "ఔజాట్" అయి, బంతి గోడను తాకినను, తాకకున్నను, ఒక్కొక్కప్పుడు బౌలరు చేతిలోనుండి విడువబడకమునుపే, దిక్కులు పిక్కటిల్లునట్లు వెలువడెడిది. అంపైరుగా నిలిచినవాడు బ్యాటింగు పక్షమువాడే, తన వంతు కొరకు కాచుకొనియున్నవాడు. వాని తీర్పు ముందే తెలిసినది గనుక వానిని ఎవ్వరును లెక్కచేసెడివారు కారు.

ఔటగు మార్గములు ఇంగ్లీషు గ్రంథములో చాలకాలము పదిగా నుండి, 2017లో బంతిని చేత ముట్టుటను మరొకదానిలో కలిపివేయుటచే తొమ్మిదియైనవి. మా గ్రంథము అంతకన్న విపులమైనది. బంతి నేలను తాకక ఎదురింటి డాబాపై పడినచో ఔటు. ఒక్కసారి నేలకు కొట్టుకొని లేచిన బంతిని ఒంటిచేత పట్టినచో ఔటు. మురుగు కాలువలో పడినచో పరుగులు లేవు, కొట్టినవాడే దిగి తీయవలెను. డాక్టరుగారి కిటికీ అద్దము పగిలినచో ఔటా కాదా అను విచారణ లేదు, అందరును అంతర్ధానము. ఎల్బీడబ్ల్యూ మాకు పనికిరాదు, ఎవ్వరును ఒప్పుకొనరు. మొహిందర్ అమర్నాథు 1986లో మెల్బోర్న్‌లో బంతిని చేత్తో ముట్టి, 1989లో అహమదాబాదులో ఎదుటివారికి అడ్డుపడి ఔటయినాడని పత్రికలలో చదివినప్పుడు, మా వీథిలోనైనచో ఆ రెంటిపైనను కనీసము రెండు సాయంకాలములు వాదించి యుండెడివారమే అని నవ్వుకొంటిని.

*

బొగ్గుగీతల వికెట్టుతో వచ్చిన చిక్కు సాక్ష్యము. బంతి తగిలినదనుటకు బంతికి మసి యంటవలెను. కాని బ్యాటింగు పక్షమువాడు ముందుగా పరుగెత్తి బంతి తీసి చొక్కాకు రుద్దివేసినచో సాక్ష్యము హతము. అందుచేత ఎవడో ఒక బుద్ధిమంతుడు బంతిని కుళాయి క్రింద తడిపి వేయుటను కనిపెట్టెను. తడి బంతి గోడను తాకినచో గుండ్రని మచ్చ పడును. అది గీతపై పడెనా, గీతల నడుమ పడెనా, బయట పడెనా అందరును వంగి చూడవచ్చును. కంప్యూటర్లు బంతి మార్గమును గీసి చూపుట నేర్వకమునుపే మా వీథి ఈ విద్యను సాధించినది.

అయితే తడి ఆరిపోవును, అందులోను బందరు ఎండకు. ఒకనాడు బ్యాటు గల మిత్రుడు ఆడుచుండగా బంతి మోకాలియెత్తున పోయి గోడకు తగిలినది. మచ్చ సగము కుడి గీతపైన, సగము బయట.

"గీత మీదే ఉంది, ఔటు!"

"సగమేగా ఉంది. ఎవడైనా సగం ఔటవుతాడా?"

"అమ్మతోడు, గీత తగిలింది."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. మచ్చ ఏదీ, చూపించు."

వాడు మాట సాగదీయుచున్నాడు. మచ్చ అంచులనుండి లోనికి కుంచించుకొనుచున్నది. మరి రెండు నిమిషములు వాదము నడిపినచో సాక్ష్యమే ఆవిరియగునని వానికి తెలియును, మాకును తెలియును. అప్పుడు ఎదుటి అరుగుమీద దూది ఏకి వత్తులు చేసికొనుచున్న మామ్మగారిని పిలిచితిమి. ఆమెకు పరుగనగానేమో తెలియదు. ఆమెకు ఏ పక్షమును లేదు, అదియే అర్హత. ఆమె తీరికగా దూది సజ్జలో పెట్టి, మెట్లు దిగి వచ్చి, కంటికి చేయి అడ్డము పెట్టి గోడను చూచి, పిమ్మట వానిని చూచి, "ఔటేరా అబ్బీ. నిన్న పొద్దుగూకే దాకా నువ్వే ఆడావు. ఇవాళ వాళ్ళనీ ఆడనీ" అన్నది.

ఈ తీర్పులో మొదటి భాగమునకును రెండవ భాగమునకును న్యాయశాస్త్రరీత్యా సంబంధము లేదు. అయినను అప్పీలు లేదు. వాడు మూతి ముడిచి, "అయితే నా బ్యాటు నేను పట్టుకుపోతా" అని చంకన పెట్టుకొని నాలుగడుగులు వేసెను. ఇంక ఆట సాగదు గనుక, ఎవడో "తూచ్, ఆ బంతి లెక్కలేదు" అన్నాడు. జరిగినదానిని జరుగనట్లు చేయు ఆ ఒక్క అక్షరమును ఏ దేశపు పార్లమెంటును ఇంతవరకు కనిపెట్టలేదు. వాడు తిరిగి వచ్చెను, మరొక బంతి వేసిరి, దానికి గీతల నడుమనే మచ్చ పడెను. ఈసారి వాడు నోరెత్తక బ్యాటు అందించి పోయి ఫీల్డింగుకు నిలిచెను.

ఇంతటి న్యాయస్థానములోను శిక్ష లేనివాడొకడుండెడివాడు. అన్న వెంట ఏడ్చుచు వచ్చిన తమ్ముడు, ఆటలో అరటిపండు. వాడు ఔటైనను ఔటు కాదు; వానికి బంతి మెల్లగా వేయవలెను; వాడు రెండు పక్షములలోను ఉండును. వాని సంగతి ఏ నిబంధనలోను లేదు, కాని ఏ వీథికి పోయినను వాడున్నాడు.

*

పెద్దల ఔటు వేరుచోట వినబడెడిది. టెస్టు మ్యాచి దినములలో కోనేరు సెంటరు చుట్టుపట్ల కాఫీ హోటళ్ళలో రేడియో పెట్టెడివారు. వ్యాఖ్యానము కొంతసేపు ఇంగ్లీషు, కొంతసేపు హిందీ. వినువారిలో మూడుపాళ్ళకు రెండును రావు. కాని ప్రేక్షకుల హోరు ఏ భాషకును చెందినది కాదు గనుక, హోరు లేవగానే హోటలంతయు నిశ్శబ్దమయి, ఇంగ్లీషు తెలిసిన కాలేజీ కుర్రవాని మొగము వైపు చూచెడిది. వాడు క్షణకాలము తన ప్రాముఖ్యమును అనుభవించి, "గవాస్కర్ ఔట్" అనెడివాడు. ఇడ్లీ ముక్క చేతిలోనే నిలిచిపోయెడిది. గల్లాపెట్టె వద్ద కూర్చున్న యజమాని 1955లో హైదరాబాదు ఫతే మైదానములో న్యూజీలాండుపై ఉమ్రీగరు 223 కొట్టిన టెస్టును తాను చూచి వచ్చినట్లు చెప్పుకొనెడివాడు. అది నిజమో కాదో గాని, ఆ దినములలో ఆయన కాఫీ అమ్ముటకన్న ఆ కథ చెప్పుటయే ఎక్కువ.

వాకిట నల్లబల్లపై సుద్దతో స్కోరు వ్రాసి పెట్టెడివారు. సైకిలుపై పోవువాడు కాలు క్రింద మోపి, ముక్కుమొగము తెలియనివానిని, "ఎవరండీ ఔటు?" అని అడిగెడివాడు. రిక్షావాడు, వకీలు, తాలూకా కచేరీ గుమాస్తా, ముగ్గురును ఆ ఒక్క ప్రశ్నకు సమానముగా జవాబు చెప్పెడివారు. అపరిచితులతో మాట కలుపుటకు అంత సులభమైన ఉపాయము నేను మరల చూడలేదు. ఇప్పుడు ప్రతివాని జేబులోను స్కోరున్నది. తెలుగులోనే వ్యాఖ్యానము వినవచ్చుచున్నది, మధ్యవర్తి అక్కరలేదు.

ఇటు క్రీడాంగణమునుండి మాట నలుదెసల ప్రాకినది. పరీక్షకు ముందు ప్రశ్నపత్రము బయటపడినచో "పేపరు ఔటయింది" అన్నారు. పీకలదాక త్రాగి పడినవాడు ఔటు. సినిమావారు మద్రాసు పొలిమేర దాటినచో ఔట్‌డోరు. ఎనుబదేండ్లు నిండిన పెద్దలకు సన్మానము చేయుచు "ఎనభై నాటౌట్" అని పత్రికలవారు శీర్షిక పెట్టనారంభించిరి. దీర్ఘాయుష్మాన్‌భవ అనుటకన్న అదియే నేటివారికి అర్థమగుచున్నది కాబోలు. మా మామ్మగారు సయితము వెనుకబడలేదు. పొయ్యిమీద పప్పు మాడినచో, "పప్పు ఔటే" అని లోపలికి పరుగెత్తెడిది. ఆ పలుకుబడి ఆమెకు మావలననే అబ్బినది.

తరువాతి కాలపు ఔట్లలో కొన్ని నాకు రుచింపవు. ప్రభుత్వ కార్యాలయములో ఏండ్ల తరబడి ఒకే బల్ల వద్ద పనిచేయుచు, పొరుగు సేవలని అచ్చ తెలుగు పేరున్నను అందరిచేత ఔట్‌సోర్సింగు ఉద్యోగియనియే పిలువబడుచు, ఏటేట తన పేరు జాబితాలో నిలుచునో లేదో యని ఎదురుచూచు మనుష్యుని చూచినప్పుడు, మా గోడమీది తడి మచ్చ గుర్తు వచ్చును. మేము కనీసము వంగి చూచెడివారము. నలుగురు చూచి, వాదించి, అరుగుమీది ముసలమ్మను అడిగి తేల్చెడివారము. ఈ ఔటునకు ఔజాట్ అని అడిగినవాడెవడో తెలియదు, వ్రేలెత్తినవాడును కనబడడు.

*

కాని గతమునకు హారతి పట్టుట నా యుద్దేశము కాదు. 1992లో డర్బనులో రోడ్స్ అందించిన బంతికి టెండూల్కరు రనౌటా కాదా అని మూడవ అంపైరు టెలివిజను చిత్రము చూచి చెప్పెను. ఆ విధముగా ఔటైన మొదటి ఆటగాడు ప్రపంచములో అతడే. అది మొదలు యంత్రము ఎందరికో న్యాయము చేసినది. మా వీథి న్యాయము సమష్టి న్యాయమన్న మాట నిజమే గాని, ఆ సమష్టిలో ఎవరుండిరో కూడ చెప్పవలెను కదా. బ్యాటు గలవానికి రెండు ప్రాణములు, గట్టి గొంతుక గలవానికి ఒకటిన్నర. పేట చివరి గుడిసెలనుండి వచ్చు బాలురు, మాకన్న వేగముగా బంతి వేయగలవారు, ఎండలో దూరమున ఫీల్డింగు చేసి చేసి, తమ బ్యాటింగు వంతు వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకెడిది. బంతి ఎవరి పెరటిలోనైన పడినచో మేమే లోనికి పోయి తెచ్చెడివారము. వారు గుమ్మము బయటనే నిలిచెడివారు. ఆ తీర్పుపై ఎవ్వడును ఔజాట్ అని అరువలేదు, మేము అసలే అరువలేదు.

ఆడపిల్లలు తమ వాకిళ్ళలో తొక్కుడుబిళ్ళ ఆడుకొనెడివారు, కన్నులు మూసికొని గడిగడికి "రైటా?" అని అడుగుచు అడుగు వేయుట, గీత త్రొక్కినచో ఔటు. వారి ఆటలో తగవు మా ఆటలోకన్న తక్కువ, నిజాయితీ ఎక్కువ. వారికి బ్యాటు ఇయ్యవలెనని మాలో ఎవ్వనికిని తోచలేదు. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజు 2002లో టాంటన్‌లో ఇంగ్లండుపై 214 పరుగులు చేసినది. భద్రాచలము పిల్ల గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పులో శతకము కొట్టి, ఆ పోటీలకెల్ల ఉత్తమ క్రీడాకారిణియైనది. మా వీథి అట్లే నిలిచియుండినచో ఇట్టి బాలికలు అందులో బ్యాటు పట్టియుందురని చెప్పుటకు నాకు నోరు రాదు. వీరిని తయారు చేసినవి శిక్షణాలయములు, వలలు కట్టిన మైదానములు, తలిదండ్రుల పట్టుదల.

ఆ శిక్షణాలయములలో లేనిది ఒక్కటే. అక్కడ తగవు పడుటకు తీరికలేదు. బుల్లి బ్యాట్స్‌మన్ ఔటా కాదా కోచ్‌గారు చెప్పుదురు, గంట కాగానే తరువాతి జట్టు వచ్చును. ఇంటికి వచ్చినచో అపార్టుమెంటు క్రింద "ఇచ్చట ఆటలాడరాదు" అని పలక. ఇద్దరు పిల్లలు కోపించుకొని, అరచుకొని, ఒట్టు పెట్టుకొని, పెద్దవారి జోక్యము లేకయే తూచ్ అనుకొని మరల ఆడుకొనుటకు కావలసిన అర్ధగంట వారి దినచర్యలో ఎక్కడను కనబడదు.

కనుక అపార్టుమెంటు సంఘముల పెద్దలకు నాదొక మనవి. ఆ పలకను తీసివేయుడు. సాయంకాలము ఒక రెండు గంటలు నాలుగు కార్లను అవతలకు జరుపుడు. పిల్లలు అద్దము పగులగొట్టినచో దాని వెల తలిదండ్రులవద్ద వసూలు చేసికొనుడు, బంతిని మాత్రము దాచిపెట్టక తిరిగి విసరుడు. వాచ్‌మన్ కూతురును, పనిమనిషి కొడుకును ఆడనిండు, బ్యాటింగుకు సహితము. ఔటా, నాటౌటా అని వారు ఎంత బిగ్గరగా కొట్లాడుకొన్నను, దయచేసి బాల్కనీలోనుండి తీర్పు చెప్పకుడు.